కోవూరు బాణలిలో చైనా కోడి

పడుగుపాడు స్టేషన్ మీదుగా పోయే పట్టాలకు ఒక కొస హౌరా, ఇంకో కొస చెన్నై. కోవూరు పక్కనుంచి సాగే 16వ నంబరు జాతీయ రహదారిదీ ఇంచుమించు అదే దారి. పొద్దుగూకాక మన బజారులో వెలిగే ఫాస్ట్‌ఫుడ్ బండ్ల బోర్డులు చదవండి. చికెన్ మంచూరియా, చికెన్ 65 లేని బండి కనపడదు. మొదటిదాని వేళ్లు కలకత్తా చైనా వాడల్లో ఉన్నాయి. రెండోది మద్రాసు మౌంట్ రోడ్డు మీది బుహారీ హోటలుది. 1965లో తామే మొదలుపెట్టామని ఆ హోటలువాళ్లు చెప్పుకుంటారు. రెండు కొసల రుచులూ ఆ దారిలో ఉన్న మన ఊరి బండి మీద కలిసిపోయాయి.

కలిసిపోయి మనకొక నమ్మకాన్ని మిగిల్చాయి. చైనా పద్ధతి కోడి అంటే పిండిలో ముంచి, నూనెలో తేల్చి, ఎర్రరంగు పట్టించి, మూడు రకాల సాసుల్లో దొర్లించిన ముక్క అని. ఇంట్లో చెయ్యబోతే అంత నూనె, అన్ని సీసాలు, అంత మంట ఎక్కణ్ణించి తెస్తామని ఆడవాళ్లు వెనకాడతారు. పిల్లలు ఫోను తీసి ఆర్డరు పెడతారు.

చైనా ఇళ్లలో మామూలు రోజున వండుకునే కోడి వేపుడు వేరు. దాంట్లో నాలుగైదు చెంచాల నూనె, కోడి ఎంతో కూరగాయలూ అంతే, ఒక్క సోయా సాస్. పొయ్యి మీద పట్టే సమయం పది నిమిషాలు. మన కోడిపులుసుకు పడే పాట్లలో సగం కూడా దీనికి పడక్కర్లేదు. మసాలా నూరే పని లేదు, గంటసేపు ఉడికించే పని లేదు. ఇంత తేలికైన వంట మన ఇళ్లలోకి రాకుండా బండి దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది.

చక్కెర మిల్లుతో మొదలు

బండి వంటను తక్కువచేసి మాట్లాడను. దాని వెనక మనుషుల బతుకుంది. 18వ శతాబ్దం చివర్లో, వారన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో, టాంగ్ అచ్యూ అనే చైనా వర్తకుడు కలకత్తాకు దిగువన హుగ్లీ ఒడ్డున భూమి సంపాదించి, చెరకు వేసి, చక్కెర మిల్లు పెట్టాడు. పనివాళ్లను తన దేశం నుంచే పిలిపించుకున్నాడు. ఆ ఊరిని ఇప్పటికీ అచ్చిపూర్ అనే పిలుస్తారు. ఈ కథ చదివితే పోతిరెడ్డిపాలెంలో మూతపడిన మన సహకార చక్కెర ఫ్యాక్టరీ కోవూరు వాళ్ల కళ్లముందు మెదలక మానదు.

ఆ తర్వాత వచ్చినవాళ్లలో హక్కా తెగవాళ్లు తోళ్ల పనిలో స్థిరపడ్డారు. కలకత్తా శివారు టాంగ్రా వాళ్ల పేట అయింది. 1962 యుద్ధం వాళ్ల నెత్తిన పిడుగై పడింది. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లని కూడా చూడకుండా, చైనా సంతతివాళ్లను సుమారు మూడు వేల మందిని రాజస్థాన్‌లోని దేవళీ శిబిరానికి తరలించి నిర్బంధించారు. బయటికొచ్చాక చాలామంది కెనడా లాంటి దేశాలకు వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్లలో ఎందరికో హోటలే ఆధారమైంది.

కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ బొంబాయి చేరి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వంట చేసేవాడు. 1975లో కొత్తగా ఏదైనా చెయ్యమని అడిగితే, మనవాళ్ల నాలుక ఎరిగినవాడు కనక అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తరుగుతోనే మొదలుపెట్టాడు. గరం మసాలా పడాల్సిన చోట సోయా సాస్ పోశాడు. కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. దేశమంతా తింటున్న చికెన్ మంచూరియా అలా పుట్టింది. చైనాలో ఎక్కడ వెతికినా ఆ కూర దొరకదు. అది అచ్చంగా మన దేశపు వంట.

ఇంకా వెనక్కి పోతే, చైనా సరుకు మన తీరానికి ఏనాడో వచ్చింది. సముద్ర వర్తకులకు రక్షణ ఇస్తూ కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించింది 1244లో. మన దక్షిణాన, కోట మండలం కొత్తపట్నం తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. గిన్నెలు ఏడెనిమిది వందల ఏళ్లనాడే దిగినా, ఆ గిన్నెల్లో వడ్డించే వంట పద్ధతి మాత్రం మన ఇళ్లకు ఇంకా సరిగా చేరలేదు.

మంట ముందు కాదు, కత్తిపీట ముందు

మన కూర ఓపికతో వండేది. ఎర్రగడ్డలు ఎర్రబడేదాకా, మసాలా నూనె వదిలేదాకా పొయ్యి ముందు నిలబడతాం. తరగడం, కలపడం అన్నీ మధ్యమధ్యలో జరుగుతుంటాయి. చైనా వేపుడులో ఆ వీలు లేదు. పొయ్యి వెలిగించాక దేనికోసమూ వెతుక్కోకూడదు. కోసినవి కోసినట్టు, కలిపినవి కలిపినట్టు చేతికందే దూరంలో ఉండాలి. అందుకే పని ముప్పాతిక భాగం కత్తిపీట దగ్గరే అయిపోతుంది.

ముందు కోడి సంగతి. దీనికి నాటుకోడి పనికిరాదు. దాని మాంసం గట్టిది, మెల్లగా ఉడకాలి. నిమిషాల్లో అయ్యే వంటకు బ్రాయిలరే సరైనది. ఊరూరా బ్రాయిలర్ దొరికే రోజులు రావడంలో మన తెలుగువాడి చెయ్యి పెద్దది. బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టాకే కోళ్ల పెంపకం దేశంలో పరిశ్రమగా ఎదిగింది.

దుకాణానికి వెళ్లి, “అన్నా, అర కిలో తొడ మాంసం, ఎముక తీసి ఇవ్వు,” అంటే చాలు.

“సిక్స్టీఫైవ్‌కా అక్కా? ముక్కలు కొట్టేదా?” అని కత్తి ఎత్తుతాడు.

“కొట్టొద్దన్నా. అట్నే ఇయ్యి, నేను కోసుకుంటా,” అనండి.

చింతమొద్దు మీద కొట్టిన ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అవుతాయి. చిన్నది ఎండిపోయేసరికి పెద్దది పచ్చిగానే ఉంటుంది. రొమ్ము మాంసమైనా ఫరవాలేదు గానీ, తొడలో కాస్త కొవ్వుండటం వల్ల ఒక నిమిషం ఎక్కువైనా పిడచకట్టదు.

ఇంటికి తెచ్చాక ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే మాంసం కొంచెం బిగుస్తుంది, కత్తి జారదు. దగ్గరగా చూస్తే మాంసంలో పీచు ఒకవైపుకు సాగి ఉంటుంది. ఆ పీచుకు అడ్డంగా, చిటికెనవేలంత మందాన, రెండంగుళాల పొడవున కోయాలి. పీచు వెంబడి కోస్తే నమిలేటప్పుడు దారాల్లా పళ్లకు తగులుతుంది. అడ్డంగా కోస్తే ఆ దారాలు తెగిపోయి ముక్క మెత్తగా వస్తుంది. ఇంత చిన్న సంగతికి ఇంత తేడా ఉంటుందని చేసి చూసినవాళ్లకే తెలుస్తుంది.

మనకు పసుపూ ఉప్పూ వేసి కడగడం అలవాటు. కడిగితే చిల్లుల గిన్నెలో వంచి పది నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత శుభ్రమైన గుడ్డతో అద్దండి. తడి ఈ వంటకు శత్రువు.

ఆరిన ముక్కలకు ఒక పెద్ద చెంచా సోయా సాస్, అర చెంచా మిరియాల పొడి, ఒక కోడిగుడ్డు తెల్లసొనలో సగం, ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్, చివర ఒక చిన్న చెంచా నూనె పట్టించి పక్కన పెట్టండి. కార్న్‌ఫ్లోర్ అంటే చేత్తో నలిపితే కిరకిరమనే తెల్లటి గంజిపిండి. పచ్చటి మొక్కజొన్న పిండి కాదు. ఈ పలచటి పూత వేడి తగలగానే బిగిసి, ముక్కలోని నీరు బయటికి పోకుండా ఆపుతుంది. హోటలు ముక్క పట్టులా జారిపోవడంలోని రహస్యం ఇదే. దీనికి మైదా జారు, నిండా నూనె అక్కర్లేదు.

పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నానితే చాలు. ఈలోపు కూరగాయలు కోసుకోవచ్చు. ఎర్రగడ్డను నాలుగు చేసి రేకులు విడదీయండి. క్యారెట్ పలచగా, క్యాప్సికం ముక్క అదే కొలతకు. బ్రకోలీ కోసం నెల్లూరు పోనక్కర్లేదు. చైనావాళ్లు రోజూ వేపుకునే పొడుగు చిక్కుళ్లు మన అలసంద జాతివే. లేత అలసంద కాయలను రెండంగుళాల ముక్కలుగా విరిచి వెయ్యండి. బీరకాయ వేపుడు, తోటకూర వేపుడు కూడా వాళ్ల ఇళ్లలో మామూలే. మన సంతలో దొరికేది దీనికి చాలు. తెల్లగడ్డ, అల్లం మాత్రం ముద్ద చెయ్యొద్దు. ముద్ద ఈ మంటకు అడుగంటి మాడుతుంది. సన్నగా తరగండి.

ఇక సాసు. ఒక గిన్నెలో ఒకటిన్నర పెద్ద చెంచాల సోయా సాస్, చిన్న చెంచా చక్కెర, చిన్న చెంచా వెనిగర్, చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్, పావు కప్పు నీళ్లు కలిపి పెట్టుకోండి. వేరే ఉప్పు వెయ్యొద్దు. పెద్ద చెంచా సోయా సాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజంతటికీ 2 వేల మిల్లీగ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురు తినే కూరకు ఈ రెండున్నర చెంచాలే ఎక్కువ. సీసా కొనేటప్పుడు వెనక రాసింది చదవండి. సోయా గింజలు, గోధుమలు, ఉప్పు, నీళ్లతో నెలల తరబడి పులియబెట్టింది ఒక రకం. మాడిన చక్కెర రంగుతో నల్లగా చేసింది ఇంకో రకం. మొదటిది కాస్త ఖరీదే గానీ ఇంట్లో ఒక్క సీసా ఉంటే చాలా నెలలు వస్తుంది.

సగమే వెయ్యండి

“మా గ్యాసు పొయ్యికి అంత మంట ఎక్కడిది?” అన్నది అందరి మాట. నిజమే, హోటలు బర్నర్ మంట మన పొయ్యికి ఎన్నో రెట్లు. కానీ లోపం మంటలో కంటే మనం బాణలిని నింపడంలో ఉంది.

మాంసంలో దాదాపు ముప్పాతిక వంతు నీరే. ముక్క ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే దాని పైభాగం 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీరున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. చల్లటి ముక్కలు అర కిలో ఒకేసారి గుమ్మరిస్తే బాణలి చల్లారుతుంది, అడుగున నీరు చేరుతుంది, కోడి వేగడం మాని ఉడకడం మొదలుపెడుతుంది. సగం వేస్తే మన ఇంటి మంటే సరిపోతుంది. ఈ కథనంలో ఒక్క మాట గుర్తుంచుకుంటారా అంటే ఇదే గుర్తుంచుకోమంటాను.

గిన్నె సంగతి. వెడల్పాటి, అడుగు సమంగా ఉన్న, మందపాటి ఇనుప బాణలి అన్నిటికంటే మేలు. నాన్‌స్టిక్ వద్దు. ఖాళీ నాన్‌స్టిక్‌ను పెద్ద మంట మీద కాగనిస్తే, 260 డిగ్రీలు దాటాక పైపూత పాడై హానికరమైన పొగ వదులుతుంది. ఇనుపదానికి ఆ బాధ లేదు. మీ అత్తగారి నాటిది అటక మీద ఉంటే దించి తోమండి.

బాణలిని పెద్ద మంట మీద ఖాళీగా కాగనివ్వండి. నాలుగు నీటి చుక్కలు చల్లితే చుయ్యిమని వెంటనే ఎగిరిపోవాలి. అప్పుడు రెండు చెంచాల వేరుశనగ నూనె పోసి తిప్పండి. దక్షిణ చైనా వంటిళ్లలోనూ ఇష్టంగా వాడే నూనె ఇది. నూనె మీద సన్నటి పొగ తీగ లేవగానే సగం ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. పరిచాక గరిటె కింద పెట్టెయ్యండి. ఒక నిమిషం ముట్టుకోవద్దు. మన చేతికి ఇదే కష్టం, కలపకుండా ఉండలేం. ఆ నిమిషంలో అడుగు పక్క గోధుమ రంగు తిరిగి, ముక్క తనంతట తానే బాణలిని వదులుతుంది. బలవంతాన లాగితే పూతంతా అడుగునే ఉండిపోతుంది. తిరగేసి ఇంకో నిమిషమున్నర వేపి పళ్లెంలోకి తియ్యండి. బాణలి మళ్లీ కాగాక మిగతా సగం.

ఇప్పుడు అదే బాణలిలో చెంచాడు నూనె, నాలుగు ఎండుమిరపకాయలు, అల్లం, తెల్లగడ్డ తరుగు వెయ్యండి. పదిహేను సెకన్లు చాలు. వాసన రావాలి గానీ రంగు మారకూడదు. వెంటనే గట్టి కూరగాయలు, నిమిషం తర్వాత ఎర్రగడ్డ, క్యాప్సికం. మొత్తం రెండు మూడు నిమిషాలు. పంటి కింద కరకరమనాలి. కోడిని, పళ్లెంలో ఊరిన రసంతో సహా, తిరిగి వెయ్యండి. గిన్నెలోని సాసును అడుగు నుంచి కలిపి బాణలి అంచు వెంట పోయండి. ఎర్రగా కాగిన ఇనుముకు తగిలి సోయా సాస్ కాలిన ఆ వాసనే బండి దగ్గర మనల్ని నిలబెట్టేది. అర నిమిషంలో సాసు చిక్కబడి ముక్కలకు అద్దంలా అంటుకుంటుంది. ఉల్లికాడలు చల్లి దించెయ్యండి.

మన నెల్లూరు నాలుకకు ఇంకాస్త కారం కావాలంటే మసాలా పొడి వైపు పోవద్దు. ఎండుమిర్చి రెట్టింపు చేసి, వేపిన వేరుశనగ పప్పులు ఒక గుప్పెడు చివర్లో వెయ్యండి. సిచువాన్ రాష్ట్రపు గోంగ్‌బావ్ కోడి ఆ దారిదే. 19వ శతాబ్దంలో అక్కడ గవర్నరుగా చేసిన డింగ్ బావోజెన్‌తో ఆ వంటకు ముడిపెడతారు. ఎండుమిర్చి, వేరుశనగ కలిస్తే మనకు పరాయిగా అనిపించే అవకాశమే లేదు. ఆ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చి వాళ్ల వంటలోనూ మన వంటలోనూ సొంతమైపోయినవే.

రంగు, అజినోమోటో, ఎండు రొయ్య

రంగు గురించి గట్టిగానే చెప్పాలి. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలోనూ పీచుమిఠాయిలోనూ రోడమైన్-బి వాడకాన్ని నిషేధించింది. అది బట్టలకు వేసే రంగు. ఆ ఏడాది జూన్‌లో కబాబుల్లో కృత్రిమ రంగులనూ నిషేధించింది. పరీక్షల్లో బయటపడ్డాకే ఆ నిర్ణయాలు వచ్చాయి. ఇంట్లో చేసుకుంటే ఈ బెడద ఉండదు. చూడటానికి ఎర్రగా కావాలంటే ఎండుమిర్చి వేడినీళ్లలో నానబెట్టి నూరి, ఆ ముద్ద ఒక చెంచా వెయ్యండి.

అజినోమోటో మీదున్న భయం మాత్రం దాని హద్దు దాటింది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకేడా సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి ఆ రుచిని పట్టుకున్నాడు. మన టమోటాలోనూ ఉండేది అదే గ్లుటమేట్. 1968లో ఒక అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరం నుంచి భయం పాకింది. మామూలు మోతాదులో అది సురక్షితమేనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ అంటోంది. అయినా మనకు దాని అవసరం లేదు. మన తీరంలో ఎండు రొయ్యలున్నాయి. దక్షిణ చైనాలోనూ కూరకు రుచి పెంచడానికి ఎండు రొయ్యలు వేస్తారు. తల, కాళ్లు తీసి, నూనె లేకుండా దోరగా వేపి, పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి. అర చెంచా పొడి అల్లం, తెల్లగడ్డలతో పాటు నూనెలో పడితే చాలు. మైపాడు ఒడ్డున ఇసుక మీద ఎండిన రొయ్య ఇచ్చే రుచి ఏ పొట్లమూ ఇవ్వలేదు. రొయ్యలు పడనివాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు.

త్వరగా అంటే పచ్చిగా కాదు

2024 ఫిబ్రవరి మనవాళ్లు మరచిపోయి ఉండరు. పొదలకూరు మండలం చాటగొట్లలోనూ, మన కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ కోళ్లు చచ్చిపడి, బర్డ్ ఫ్లూ అని తేలింది. చుట్టుపక్కల చికెన్ దుకాణాలు మూయించారు. నిమిషాల్లో దించే వంట అనగానే ఆ భయం రావడం సహజం. మాంసం లోపలి దాకా 70 డిగ్రీలు దాటితే ఆ వైరస్ బతకదు. కోడికి 74 డిగ్రీలు చేరాలన్నది వంటలో పాటించే లెక్క. చిటికెనవేలి మందం ముక్క పెద్ద మంట మీద ఆ వేడికి తేలిగ్గా చేరుతుంది. అన్నిటికంటే లావుగా ఉన్న ముక్కను తుంచి చూడండి. లోపల గులాబీ రంగు కనపడకుండా తెల్లగా ఉండి, రసం తేటగా రావాలి. పచ్చికోడి కోసిన పీటనూ కత్తినీ సబ్బుతో కడిగాకే కూరగాయలు కోయండి. కూరగాయలు ముందే కోసుకుంటే ఇంకా మంచిది.

దీనికి తోడు ఏమిటంటే అన్నమే. నూడుల్స్ పొట్లం వెతకక్కర్లేదు. కోవూరు కాలువ కింద పండే బియ్యం ఇంట్లో పెట్టుకుని ఇంకోదానికి పోవడం దేనికి? మొలగొలుకులు ఇప్పుడు అరుదైపోయాయి గానీ, నెల్లూరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్ఎల్ఆర్ 34449, మనవాళ్లు నెల్లూరు మసూరి అనే సన్నరకం, ఈ కూరకు సరిగ్గా సరిపోతుంది. నీళ్లు కాస్త తగ్గించి పొడిపొడిగా వార్చండి. అన్నం మిగిలితే చల్లారగానే, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు అదే బాణలిలో గుడ్డు కొట్టి వేపితే ఫ్రైడ్ రైస్. రాత్రంతా బయట ఉంచిన అన్నాన్ని మాత్రం వేపొద్దు. వేడికి పోని విషాలు అందులో తయారుకావచ్చు.

మొత్తం ఖర్చు లెక్కేసుకుంటే అర కిలో కోడి, దానికి సమానంగా కూరగాయలు, రెండున్నర చెంచాల సోయా సాస్. అందరూ ఇంట్లో ఉండే ఆదివారం వండుతూ పని పంచండి. క్యారెట్ పిల్లల చేత కోయించండి, సాసు కలిపే పని మగవాళ్లకు అప్పగించండి, అన్నం వార్చాకే పొయ్యి మీద బాణలి పెట్టండి. ఈ కూర ఎవరికోసమూ ఆగదు. అందరినీ కూర్చోబెట్టాకే వెలిగించి, దించింది దించినట్టు వడ్డించండి.